రేవున నౌకలు, రాజధానిలో సంధులు

విశాఖపట్టణపు రేవునకు ఐరోపా దేశముల యుద్ధనౌకలు వచ్చుట యిటీవల వింత గాదు. 2016 ఫిబ్రవరిలో అచ్చట జరిగిన అంతర్జాతీయ నౌకాదళ సమీక్షలో సుమారు 50 దేశముల నౌకాదళములు పాల్గొనినవి. 2024 ఫిబ్రవరిలో ‘మిలన్’ విన్యాసములకు మరల అట్టి సమావేశమే జరిగినది. హైదరాబాదు పాతబస్తీలో మాత్రము అట్టి వార్తను జదివి పత్రికను మడచి పెట్టువారే పెక్కుమంది. సముద్రము మనకు రెండువందల మైళ్లకు పైబడిన దూరమున నున్నదనియు, ఓడల గొడవ తీరవాసులదే యనియు వారి తలంపు. ఈ తలంపు సరియైనది కాదని మా యభిప్రాయము.

1756లో ఫ్రెంచి సేనాని బుస్సీ, నవాబు సలాబతుజంగుతో చెడి, మూసీతీరమున చార్‌మహలు తోటలో తన పటాలముతో దాగియుండెను. నవాబు సైన్యము చుట్టుముట్టినను వారాలకొలది అతనిని కదలింపలేకపోయెను. కారణమేమి? బందరు రేవు ఫ్రెంచివారి చేతిలో నున్నది. ఆ రేవునుండి బయలుదేరిన సహాయసేన ఆగస్టు నడుమ నగరమును జేరెను, నవాబు రాజీపడెను. చార్మినారు నీడలో జరిగిన కలహమును తీర్చినది సముద్రమే.

మూడేండ్లకు ఇంతకంటె గొప్ప పాఠము వచ్చినది. 1758లో బుస్సీని లాలీ దక్షిణమునకు పిలిపించుకొనెను. బంగాళమునుండి వచ్చిన కర్నలు ఫోర్డు ఆ డిసెంబరులో చందుర్తి యొద్ద ఫ్రెంచివారిని ఓడించి, 1759 ఏప్రిలు 7వ తేది రాత్రి బందరుకోటను ముట్టడించి పట్టుకొనెను. పట్టినవారికంటె పట్టుబడిన ఐరోపా సైనికులే యెక్కువ మంది! సలాబతుజంగు అప్పటికే పెద్ద సైన్యముతో కృష్ణాతీరమునకు వచ్చియుండెను. కోట పడిన వారము దినములకు ఫ్రెంచి సైనికులతో రెండు నౌకలు బందరు తీరమున కానవచ్చినవి. కోట పరుల వశమైనదని తెలిసికొని అవి తెరచాపలెత్తి వెడలిపోయినవి. అవి వారము ముందు వచ్చియున్న ఏమి జరిగియుండునో చెప్పుట ఊహ మాత్రమే. కాని అవి వెడలిన పిదప నవాబునకు ధైర్యము మిగులలేదు; ఇంటివైపు తమ్ముడు నిజామలీ పొంచియుండెను. మే 14వ తేది నతడు బందరు సర్కారును ఇంగ్లీషువారికి వ్రాసియిచ్చి, ఫ్రెంచివారిని తన రాజ్యమున నిలువనీయనని ఒప్పుకొనెను. 1766 నాటి సంధితో తక్కిన ఉత్తర సర్కారులును జారినవి. గుంటూరు 1788లో పోయెను. ఇన్ని వేల గుఱ్ఱపుదళము, ఫిరంగులు గల దర్బారునకు సముద్రముపై ఒక యోడ లేకపోయెను. ఓడ గలవాడెవడో వానిని ఆశ్రయించుటయే రాజనీతి యయ్యెను.

తరువాతి కాలమున నిజాముపేర ఒక యుద్ధనౌక వెలసినది! 1940లో బ్రిటనులో నీటికి దించిన ‘నిజాము’ అను విధ్వంసకనౌక ఆస్ట్రేలియా నౌకాదళమున జేరి, 1945 సెప్టెంబరులో జపాను లొంగిపోవునాడు టోకియో అఖాతమున నుండెను. పేరు మనది, పెత్తనము పరులది.

నేడు స్థితి మారినది. పరదేశపు నౌకలు ఆహూతులై వచ్చి, 2016 సమీక్షలో మన రాష్ట్రపతి యెదుట బారులు దీరినవి. అతిథుల నాదరించుట మన ధర్మమే. అయినను ఫ్రాన్సునుండి నౌకలపై దిగు 26 రాఫేలు విమానములకు 2025 ఏప్రిలులో సుమారు 63 వేల కోట్ల రూపాయల యొడంబడిక జరిగినదని మరువరాదు. మైత్రి వేఱు, అక్కఱ వేఱు. అమ్మువాడు విడిభాగములను జాగుచేసిన నాడు మైత్రి యెంతవఱకు నిలుచునో మన చరిత్రయే చెప్పుచున్నది.

ఆ యక్కఱను తగ్గించు పని యిచ్చటనే, పాతబస్తీ ప్రక్కన కంచన్‌బాగులో జరుగుచున్నది. మిధాని ప్రత్యేక లోహములను, భారత్ డైనమిక్సు క్షిపణులను జేయుచున్నవి. ఈ కర్మాగారములకు మన వీధుల బాలురు కూలికే గాక, శిల్పులుగను ఇంజనీర్లుగను పోవలయును. పాతబస్తీలో సాంకేతిక పాఠశాలలకై మన పెద్దలు చేసిన యాందోళన, ఉత్సవముల వేదికలకై చేసిన దానిలో పదవవంతైనను గలదా?

ఇక బందరు. అచ్చట 2023లో క్రొత్త రేవునకు శంకుస్థాపన జరిగినది. హైదరాబాదునుండి అచ్చటికి నూతన రహదారి కావలెనని తెలంగాణ ప్రభుత్వము 2025లో కేంద్రమును కోరినది. నీటి పంపకములవలె దీనిని గూడ రెండు రాష్ట్రములు తగవుగ జేసికొనక, బాట యే గ్రామములగుండ పోవునో, భూములు కోల్పోవు రైతులకు ఎకరమునకేమి యిత్తురో ముందుగ ప్రకటింపవలయును.