పర్యావరణ వీక్షణం: మూడు మిల్లీమీటర్ల గొడుగు

ఏటా సెప్టెంబరు 16వ తేదీని ప్రపంచమంతటా ఓజోన్ పరిరక్షణ దినంగా పాటిస్తున్నారు. 1987లో అదే తేదీన మాంట్రియల్ ఒప్పందంపై దేశాలు సంతకాలు చేసినందున ఐక్యరాజ్యసమితి 1994లో ఈ నిర్ణయం గైకొన్నది. ఆనాడు కర్మాగారాలలో ప్రతిజ్ఞలు, పాఠశాలలలో చిత్రలేఖన పోటీలు జరగడం మనకు పరిపాటి. అయితే ఆ ఒప్పందంలో మన వృత్తికీ, మన ఇళ్లకూ ఉన్న పాత్ర ఏమిటో ఈ నెల శీర్షికలో పాఠకులకు మనవి చేయదలచాము.

భూమికి సుమారు 15 నుండి 35 కిలోమీటర్ల ఎత్తున, స్ట్రాటో ఆవరణంలో ఓజోన్ అధికంగా ఉన్నది. 'పొర' అనగానే దళసరి కప్పు ఒకటి మనసులో మెదలుతుంది. వాస్తవానికి వాతావరణంలోని ఓజోన్‌నంతటినీ సముద్రమట్టపు పీడనానికి, సున్నా డిగ్రీల ఉష్ణోగ్రతకు తెచ్చి పరచినచో దాని మందం సగటున 3 మిల్లీమీటర్లు మాత్రమే. ఈ పలుచని గొడుగే సూర్యుని అతినీలలోహిత కిరణాలలో హానికరమైన భాగాన్ని అడ్డుకొని, చర్మ క్యాన్సరు, కంటి శుక్లాల ముప్పు నుండి మనలను కాపాడుతున్నది. పైరులకూ, సముద్రంలోని సూక్ష్మజీవులకూ రక్షణ ఇస్తున్నది.

1928లో అమెరికాలో థామస్ మిడ్‌గ్లే బృందం రూపొందించిన క్లోరోఫ్లోరోకార్బన్లు ఇంజనీర్లకు వరప్రసాదంగా తోచాయి. అంతకు పూర్వం శీతల యంత్రాలలో వాడిన అమోనియా, సల్ఫర్ డయాక్సైడు విషవాయువులు. ఈ కొత్తవి మండవు, విషం కావు, విచ్ఛిన్నం కావు. మెచ్చుకొన్న ఆ స్థిరత్వమే చివరకు దోషమైనది. కింది వాతావరణంలో చెక్కుచెదరక మెల్లగా పైకి చేరి, అక్కడి తీవ్ర కిరణాల తాకిడికి అవి క్లోరిన్‌ను విడుస్తాయి. ఒక్క క్లోరిన్ పరమాణువు, తాను తరగక, వేలకొలది ఓజోన్ అణువులను నశింపజేయగలదు. 1974లో మొలీనా, రోలాండ్ ఈ ప్రమాదాన్ని వెల్లడించారు. 1985లో అంటార్కిటికాపై ఓజోన్ రంధ్రాన్ని బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ప్రకటించడంతో ప్రభుత్వాలు మేల్కొన్నాయి.

మన దేశం 1992లో మాంట్రియల్ ఒప్పందంలో చేరినది. మా తరం ఇంజనీర్లు ఉద్యోగాలలో చేరిన రోజులలో విద్యుత్ కాంటాక్టులను కార్బన్ టెట్రాక్లోరైడుతో తుడవడం, కంట్రోల్ రూములలో మంటలు ఆర్పుటకు హాలన్ సిలిండర్లు అమర్చడం సాధారణ విషయాలు. రెండూ ఓజోన్‌కు శత్రువులే. కొద్దిపాటి మినహాయింపులతో 2010 నాటికి వీటికీ, క్లోరోఫ్లోరోకార్బన్లకూ మన దేశం స్వస్తి చెప్పినది. అన్ని దేశాల కృషి ఫలించినది. ప్రస్తుత విధానాలు కొనసాగినచో ఓజోన్ పొర అంటార్కిటికాపై 2066 ప్రాంతానికి, ధ్రువాలు మినహా మిగిలిన ప్రపంచంలో 2040 నాటికి 1980 స్థాయికి చేరుకోగలదని 2022 నాటి శాస్త్రీయ సమీక్ష అంచనా వేసినది.

అయినను పని ముగియలేదు. పాత ఏసీలలోని ఆర్-22 వాయువులో క్లోరిన్ ఉన్నది. కొత్తగా వచ్చిన ఆర్-410ఏ, ఆర్-32 ఓజోన్‌కు హాని చేయవు గాని భూతాపాన్ని పెంచుతాయి. కిలోకు కిలో లెక్కించినచో మొదటిది కార్బన్ డయాక్సైడు కంటె సుమారు 2,000 రెట్లు, రెండవది 675 రెట్లు. అందువలననే 2016లో కిగాలీ సవరణ వచ్చినది. 2021లో దానిని ఆమోదించిన మన దేశం 2047 నాటికి ఇట్టి వాయువుల వాడకాన్ని 85 శాతం తగ్గించవలసి ఉన్నది.

ఇక్కడ ఒక సామాన్య విషయం గ్రహించాలి. ఏసీలోని గ్యాస్ పెట్రోలు వలె ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాలలో తిరుగుతూనే ఉంటుంది. ప్రతి వేసవిలో గ్యాస్ నింపవలసి వస్తున్నదంటే ఎక్కడో కారుతున్నదనియే అర్థం. ముందుగా నైట్రోజన్ పీడనంతో, సబ్బు నురుగుతో లీకును పట్టి, అతుకు సరిచేసి, వాక్యూమ్ పంపుతో గొట్టాలను ఖాళీ చేసి, అటుపై తూకం వేసి గ్యాస్ నింపడం సరియైన పద్ధతి. గృహిణులకు ఒక మనవి: పాత ఫ్రిజ్‌లో పేరుకొన్న మంచును కత్తితో పొడవరాదు. చిన్న చిల్లు పడినచో గ్యాస్ అంతయూ గాలిలో కలియును.

మరమ్మతు వేళ, పాత యంత్రాలను వేలం వేయునప్పుడు వాల్వు విప్పి గ్యాస్‌ను గాలిలోకి వదలివేయడం పలుచోట్ల కనిపించే అలవాటు. ఇందుకు మెకానిక్కును ఒక్కనినే తప్పుపట్టలేము. గ్యాస్‌ను తిరిగి సిలిండరులో పట్టుటకు యంత్రం కావాలి, సమయం కావాలి; అతి తక్కువ రేటుకు కుదిరిన కాంట్రాక్టులో ఆ రెండింటికీ చోటుండదు. టెండరు షరతులలో గ్యాస్ పునఃసేకరణను ప్రత్యేక అంశంగా చేర్చి, దానికి తగిన సొమ్ము చెల్లించి, పట్టిన గ్యాస్‌కు కిలోలలో లెక్క అడగడం మన చేతిలోని పని. వచ్చే వేసవి మరమ్మతుల టెండర్లు సిద్ధమయ్యేలోగా నిర్వహణ విభాగాల సోదరులు ఈ ఒక్క షరతును పరిశీలించగలరని ఆశిస్తున్నాము.