అడిగి తెచ్చిన చీరకు లిప్‌స్టిక్ అంటితే

పెళ్ళిళ్ల రోజులొచ్చాయి. మన చాళ్లలో ఒక మంచి చీర నాలుగిళ్ళు తిరగడం కొత్తేం కాదు. మొన్న మా అమ్మాయికని పక్కింటి వదినగారి తెల్ల నూలుచీర అడిగి తెచ్చాను. కొంగుకు లిప్‌స్టిక్ అంటింది. పిల్ల గాబరాపడి వేణ్ణీళ్ళతో రుద్దబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

లిప్‌స్టిక్, కాటుక, ముఖానికి రాసే క్రీము, వీటిలో నూనె, మైనం ఉంటాయి. వేడి తగిలితే అవి కరిగి దారంలోకి దిగుతాయి. రుద్దితే మరక వెడల్పవుతుంది.

ముందు చెంచా అంచుతో పైపైన గీకి తీయండి. మరక కిందివైపు ఉండేట్టు చీర తిరగేసి, పాత గుడ్డ మడత మీద పరవండి. వెనకనుంచి గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి వేలితో మెల్లగా అద్దండి. పది నిమిషాలాగి చన్నీళ్ళతో జాడించండి. రంగు గుడ్డకు దిగుతుంటే గుడ్డ మార్చి మళ్ళీ చేయండి. మరక పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ పెట్టొద్దు.

రంగు చీరైతే ముందు లోపలి అంచున ఒక చుక్క వేసి చూడండి. పౌడరు, కుంకుమ పడితే తడి తగలకముందే దులిపెయ్యాలి. పట్టుకీ జరీకీ ఈ పనులేవీ వద్దు. డ్రైక్లీనింగ్‌కిచ్చి, ఏం మరకో చెప్పండి.

మూడోసారికి మా మరక పోయింది. అయినా వదినగారికి చెప్పే ఇచ్చాను. "చీరదేముందిలే, పిల్ల ముచ్చటగా ఉందా?" అన్నారు. మరక పోయినా మాట దాచకూడదు. మళ్ళీ అడగాల్సింది ఆ గుమ్మంలోనే కదా!