ఆ 'డు' మనకెందుకు?

మొన్న క్లాసులో 'సెమియాటిషియన్'కి తెలుగు ఏమిటని మేడమ్ అడిగితే అందరం తలలు దించుకున్నాం. చివరికి ఎవరో 'సంకేతశాస్త్రజ్ఞుడు' అన్నారు. అంతా ఆడపిల్లలమే ఉన్న క్లాసులో ఆ 'డు'ని బుద్ధిగా నోట్సులో రాసేసుకున్నాం. నేనూ రాసుకున్నాను.

'సంకేతం' వరకు నాకు పేచీ లేదు. చిహ్నం అంటే గుర్తు. సంజ్ఞ అంటే చేత్తోనో కళ్లతోనో చేసే సైగ అనుకుంటాం. సంకేతంలో మాత్రం ముందే చేసుకున్న ఒప్పందం అనే అర్థం ఉంది. కావ్యాల్లో అభిసారిక వెళ్లేది సంకేతస్థలానికే కదా! సొస్యూర్ చెప్పిందీ అదే: శబ్దానికీ అర్థానికీ పుట్టుకతో వచ్చిన చుట్టరికం లేదు, నలుగురూ ఒప్పుకున్నదే అర్థం. ఆయన పోయాక విద్యార్థుల నోట్సుల ఆధారంగా ఆ పాఠాలు 1916లో పుస్తకంగా వచ్చాయి.

ఈ సంగతి మా ఇంట్లో రోజూ కనిపిస్తుంది. అమ్మ తెలుగులో 'అవసరం లేదు' అంటే అక్కర్లేదని. నాన్న తమిళంలో 'అవసరం ఇల్లై' అంటే తొందర లేదని. చిన్నప్పుడు స్కూలు ఫీజు చీటీ చూసి నాన్న అలా అంటే, కట్టక్కర్లేదనుకుని చీటీ పారేశాను. తర్వాత బాగా తిట్లు తిన్నాను.

మా అమ్మమ్మయితే వీధినే చదివేస్తుంది. పొద్దెక్కినా ముగ్గు పడని గుమ్మం కనిపిస్తే గొంతు తగ్గించి, "పాపం, ఏం జరిగిందో" అంటుంది. వేసిన ముగ్గుని ఎవరైనా చూస్తారు. లేని ముగ్గుకి అర్థం చెప్పే మనిషిని 'జ్ఞుడు' అని ఎలా అనను?

'డు' అంటే అందరూ వస్తారు, వ్యాకరణంలో అంతే అని కొందరంటారు. కానీ ప్రతి గుర్తూ ఏదో ఒకటి చెబుతుందని నేర్పే శాస్త్రమిది. ఆ 'డు' కూడా చెబుతుంది, పండితుడంటే ముందుగా ఎవరు గుర్తొస్తారో. ఈ శాస్త్రంలో పెద్ద పేరున్న జూలియా క్రిస్తేవా ఆడమనిషే మరి. 'జ్ఞురాలు' అనొచ్చు గానీ, అది తర్వాత గుర్తొచ్చి అతికించినట్టుంటుంది. 'సంకేతశాస్త్రవేత్త' అందాం. ఆమెకీ ఆయనకీ ఇద్దరికీ సరిపోతుంది.

అందుకే నా నోట్సులో ఆ మాట కొట్టేసి మళ్లీ రాసుకున్నాను. మీరూ దిద్దుకోండి. నోట్సే కదా అనుకోవద్దు. సొస్యూర్ పాఠాలు నిలిచింది నోట్సుల వల్లే.