తెర వెలుతురును గూర్చి యొక మాట

ఈ సంవత్సరపు సంచికకు మీరేమి వ్రాయుదురని సహోపాధ్యాయు లడుగగా, సెల్‌ఫోను తెర వెలుతురును ఒక్క తాకుతో హెచ్చించి తగ్గించు చిన్న యాప్‌ను గూర్చి వ్రాయుదునంటిని. కొందఱు నవ్విరి. ఇంత యల్పవిషయమునకు పత్రిక పుటలు వ్యర్థము చేయనేల యని యొకరనిరి. చదువరులకును అట్లే తోచవచ్చును. కాని యీ యల్పవిషయము తెలియకపోవుటచేత నేనొక బాలునకు చేసిన యన్యాయమును ముందుగా వినుడు.

2020 మార్చిలో కరోనా వ్యాధి వలన పాఠశాలలు మూతపడెను. మరల నవంబరు 2వ తేదీని 9, 10 తరగతులు తెఱచువఱకు మాబోటి యుపాధ్యాయులకు ఫోనే తరగతి గది యయ్యెను. నా తరగతిలో నొక బాలుడు ప్రతిదినము పాఠమునకు హాజరగుచుండెను గాని, తెరమీద చూపిన లెక్కను చదువుమన్న చదువడు. ప్రశ్న వేసిన మౌనము వహించును. రెండు వారములు చూచి, వీనికి శ్రద్ధ లేదని నిశ్చయించుకొని, వాని తండ్రితో కటువుగా మాటలాడితిని. బాలుడు దెబ్బలు తినెనని తరువాత వింటిని.

పాఠశాల తెఱచిన పిమ్మట నిజము బయటపడెను. ఇంటిలో సిగ్నలు లేమిచే వాడు కాలువగట్టున ఎండలో కూర్చుండి పాఠము వినుచుండెనట. ఫోను తండ్రిది. ఛార్జి యెక్కువసేపు నిలుచునని ఆయన తెర వెలుతురును అడుగంట తగ్గించి యుంచెను. ఎండలో ఆ తెర నల్లని పలకవలె నుండెను. వెలుతురు పెంచు గీత యా తెరలోనే కలదు. తెర కానరానప్పుడు ఆ గీతయు కానరాదు. పెట్టె తాళపుచెవిని పెట్టెలోనే యుంచి తాళము వేసినట్లాయెను. నా మాట వానికి వినబడెను, లెక్క కనబడలేదు, చెప్పుటకు సిగ్గుపడెను. నీకేమి కనబడుచున్నదిరా యని నేనొక్కమాఱైన నడుగనైతిని. తప్పు వానిది కాదు, నాది.

దీనిలోని శాస్త్రవిషయము విద్యార్థులు గ్రహింపదగినది. పట్టపగటి యెండ బలము సుమారు 1,00,000 లక్సులు. దీపము వెలుగు గదిలో 100 మొదలు 300 లక్సులు. పున్నమి వెన్నెల సుమారు పావు లక్సు మాత్రమే. ఇంతటి భేదమునకు మన కన్ను తన్ను తాను సర్దుకొనును. కంటిపాప రంధ్రము 2 మిల్లీమీటర్ల నుండి 8 మిల్లీమీటర్ల వఱకు విప్పారును, తక్కిన పని కంటి లోపలి పొర చేయును. అచ్చు పుస్తకమునకు ఈ చిక్కు లేదు. కాగితము ఎండలో ఎండతోపాటు వెలుగును, దీపమువద్ద దీపముతోపాటు మసకబారును. తెర యట్లు కాదు. అది తన వెలుతురుతో తానే వెలుగునది. కావున చుట్టునున్న వెలుతురుకు తగినట్లు వెలుగుమని దానికి వేఱొకరు చెప్పవలెను.

ఫోనులోనే వెలుతురును కొలుచు పరికరము కలదు గదా, అది చూచుకొనదా, వేఱొక యాప్ ఏల యని కొందఱడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5 నాటికే చుట్టుపట్ల వెలుతురును బట్టి తెరను మార్చు నేర్పు ఫోనునకు కలదు. 2018 నాటి ఆండ్రాయిడ్ 9లో వాడువాని యభిరుచిని కనిపెట్టి నేర్చుకొను శక్తియు చేర్చబడెను. అయినను ఆ పరికరము గదిలోని వెలుతురును కొలువగలదు గాని, ప్రక్కను నిద్రించు చంటిబిడ్డను ఎఱుగదు. కరెంటు రేపటివఱకు రాదనియు ఎఱుగదు. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో ముగిసినది. దాని గొప్పతనము నెవ్వరును కాదనరు. కాని ఏ కాలువకు నే డెంత నీరు వదలవలెనో చూచి తూము తలుపు ఎత్తి దించుటకు లస్కరు చేయి వలసియే యున్నది. తెరకును అట్టి చేయి యొకటి యుండవలెను.

1996 నవంబరు 6వ తేదీని కోనసీమను తాకిన తుపాను నాటికి నేను విద్యార్థిని. కరెంటు లేని యా రాత్రులలో మాకు లాంతరే దిక్కు. నేను చదువునంతసేపు మా యమ్మ వత్తి పెంచి యుంచెడిది. పుస్తకము మూసినంతనే తగ్గించెడిది. వత్తి త్రిప్పు చిన్న చక్రము చీకటిలోనైనను వ్రేళ్లకు దొరకును, దానికి చదువక్కఱలేదు. మంచి పనిముట్టునకు లక్షణ మిదియే. తెర మొదటి పుటలోనే పెద్ద బొత్తాములు మూడు చూపి, ఎండకు, ఇంటికి, రాత్రికి అని వేఱుచేయు యాప్ ఆ చక్రము వంటిది. అనేక గీతలను, గుఱుతులను వెదకలేని తాతలకును అవ్వలకును అది మేలే చేయును.

రాత్రి విషయమై మఱియొక మాట. తెర చూచిన కండ్లు పోవునని పిల్లలను బెదరించుట సరికాదు. తెర వెలుతురు కంటిని చెఱుపదనియు, ఱెప్ప వేయుట తగ్గుటచే అలసట కలుగుననియు అమెరికా నేత్రవైద్యుల సంఘము చెప్పుచున్నది. 20 నిమిషముల కొకమాఱు 20 అడుగుల దూరమును 20 సెకండ్లు చూడుమని వారి సలహా. నష్టము కలిగిన నిద్రకు కలుగును. బోస్టనులో 12 మందిని పరీక్షించి 2014లో ప్రకటించిన పరిశోధనలో, పండుకొనుటకు ముందు నిండు వెలుతురు గల తెరపై చదివిన రాత్రులలో, అచ్చు పుస్తకము చదివిన రాత్రులకంటె నిద్ర ఆలస్యముగా పట్టెను. మన యిండ్లలో చాల వఱకు ఒక్క గదిలోనే యందఱును పండుకొందురు. తెల్లవారుజామున రొయ్యల చెరువునకో వరిచేనికో పోవలసిన తండ్రి ముఖముపై ఆ వెలుతురు పడుచుండును. అది పరీక్షకు చదువు వెలుతురే యైనను తగ్గింపదగినదే.

ఇక హెచ్చరిక. ఇట్టి యాప్‌నకు కావలసిన యనుమతి ప్రధానముగా ఒక్కటే, ఫోను అమరికలను మార్చుట. 2015 నాటి ఆండ్రాయిడ్ 6 మొదలుకొని ఆ యనుమతిని వాడువాడు ప్రత్యేకముగా నీయవలెను. అంతకు మించి మన పేర్ల పట్టికను, మనమున్న చోటును అడిగిన యాప్‌ను వెంటనే తీసివేయుడు. 2013లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమీషను ఒక టార్చిలైటు యాప్ చేసినవారిపై చర్య గైకొనెను. దీపము వెలిగించుటకని వచ్చిన యా యాప్, జనులున్న చోటును వారి కెఱుకపఱుపక ప్రకటనల వ్యాపారులకు పంపుచుండెను. దీపము ముట్టించెదనని వచ్చి యింటి పత్రములు చూపుమను వానిని గడప దాటనిత్తుమా?

విద్యార్థులారా, ఫోనులో నున్న గీతయే మీకు చాలిన యాప్ పెట్టుకొనకుడు. చాలనివారు చిన్నదానిని, అనుమతులు తక్కువ యడుగుదానిని ఎన్నుకొనుడు. తలిదండ్రులారా, బిడ్డ చేతికి ఫోను ఇచ్చునపుడు వెలుతురు ఎంత యున్నదో యొకమాఱు చూచి యిండు. నా సహోపాధ్యాయులకు చెప్పునది నాకు నేను చెప్పుకొన్నదే. ఆ బాలుని తండ్రివద్దకు మరల పోయి నా పొరపాటు ఒప్పుకొంటిని. నాటినుండి ఫోనులో పాఠము చెప్పవలసివచ్చినపుడెల్ల, హాజరు పిలుచుటకు ముందు, తెర కనబడుచున్నదా యని ఒక్కొక్కరిని పేరు పెట్టి యడుగుచున్నాను.