నూతన యంత్రవిద్యకు గడువుల నిర్ణయము

ఉస్మాన్‌గంజులోని టోకు వర్తకుడు సరుకును ఖరీదు చేయునప్పుడే దాని నెన్నడు అమ్మవలయునో, అప్పునకు వడ్డీ యెంత నడచునో లెక్క వేసికొనును. తెలిసిన సరుకు, తెలిసిన త్రోవ యగుటచే ఆ లెక్కకు ఆధారము కలదు. ఇదివర కీ దేశమున తయారు కాని వస్తువును తయారుచేయ బూనినవారి కట్టి ఆధారము లేదు.

కేంద్ర ప్రభుత్వమువారు 2025 జూలై 1వ తేదీన పరిశోధన, అభివృద్ధి, నవకల్పనల పథకమునకు లక్ష కోట్ల రూపాయల నిధిని ఆమోదించిరి. తక్కువ వడ్డీకి, లేదా వడ్డీ లేకయే, దీర్ఘకాలపు ఋణముల నిచ్చుట దీని ఉద్దేశము. సాంకేతిక సిద్ధతను కొలుచు తొమ్మిది మెట్లలో నాల్గవదానిని, అనగా ప్రయోగశాలలో పనిచేయునని రుజువైన మెట్టును, చేరినవారికే ఈ సహాయము. ఇది సంతోషింపదగిన విషయమే. కాని ధన మొక్కటియే కార్యమును సాధింపజాలదు.

గతమును చూతము. తేజస్ యుద్ధవిమానమునకు 1983లో అనుమతి లభించెను. దానికి కావలసిన కావేరి ఇంజనును స్వదేశముననే చేయుటకు 1989లో వేరొక పథకము మంజూరయ్యెను. విమానము 2001 జనవరి 4వ తేదీన తొలిసారి యెగిరెను. కాని యెగిరినది అమెరికా ఇంజనుతో. 2008లో కావేరిని తేజస్ నుండి వేరుచేసిరి. పరాయి ఇంజను దొరకనిచో విమానము నేలమీదనే యుండెడిది గదా! తీవ్రమైన వేడిమి కోర్చు లోహములు తేదీలను చూచి సిద్ధపడవు. అట్టి విశేష లోహముల కొరకే మన హైదరాబాదులో 1973లో మిధాని స్థాపింపబడెను.

రసాయన పరిశ్రమలోను ఇదే చిక్కు. పాత్ర కొలతలు అన్నివైపుల పదిరెట్లయినచో లోపలి పదార్థము వేయిరెట్లగును. వేడిని వెలికి వదలు ఉపరితలము నూరురెట్లు మాత్రమే పెరుగును. గాజుపాత్రలో శాంతముగా సాగిన క్రియ పెద్ద తొట్టిలో అదుపు తప్పవచ్చును. నారుమడి పోయక పొలమంతయు నాటబూను రైతు లేడు. చిన్న కర్మాగారమున పరీక్షింపక పెద్దదానికి గడువు నిర్ణయించుటయు తగదు.

1958లో అమెరికా నౌకాదళమువారు పొలారిస్ క్షిపణికై కల్పించిన పెర్ట్ పద్ధతిలో ప్రతి పనికిని మూడు గడువులను వ్రాయుదురు: అన్నియు కలిసివచ్చినప్పటిది, సామాన్యమైనది, అడ్డంకులు తగిలినప్పటిది. ఒకే తేదీని వ్రాయించుకొని, అది తప్పినంతనే నిందించినచో, పనివారు లోపములను దాచుట నేర్తురు. దానివలన నష్టము ఆలస్యముకంటె పెద్దది.

కావున ఋణ మిచ్చువారు మూడు విషయములను కోరవలయును. ప్రతి మెట్టు చివరను సాగుటయో, ఆపుటయో తేల్చు పరీక్ష. రుజువుకాని ప్రతి భాగమునకును ప్రత్యామ్నాయము. చిన్న కర్మాగారమునకు ప్రత్యేకముగా ధనమును, కాలమును. సకాలమున ఆపిన పథకము అపజయము కాదు. మిగిలిన సొమ్ము మరియొకదానికి దక్కును. వడ్డీలేని ఋణమునకైనను కాలము వ్యయమగును. ఆ వ్యయమును చెల్లించువారు ప్రజలే యని అధికారులు మరువకుందురు గాక.