వాటాల పేచీ సైప్రస్‌లోనే కాదు

సంపాదకులకు,

సైప్రస్‌లో విదేశీ సాయం పంపకంపై మీ వ్యాసం చదివాను. ఇచ్చేవాళ్లు పక్షపాతం చూపకపోతే చాలునన్నారు. అంతటితో తెగదు. ఉత్తరాన ఉన్న తుర్కు సైప్రియట్లకు 2006లో యూరోపియన్ యూనియన్ 25.9 కోట్ల యూరోలు కేటాయించింది. డబ్బుంది, ఎవరి చేతిమీదుగా ఇవ్వాలన్నదే చిక్కు. అక్కడి పాలనను తుర్కియే తప్ప ఏ దేశమూ గుర్తించలేదు మరి!

మన పక్కనున్న శ్రీలంకను వ్యాసకర్త మరిచారు. సునామీ సాయం కలిసి పంచుదామని 2005 జూన్‌లో అక్కడి ప్రభుత్వమూ, తమిళ పులుల సంస్థ ఎల్టీటీఈ సంతకాలు చేశాయి. ఆ ఆలోచనపై అలిగి, భాగస్వామ్య పార్టీ జేవీపీ అంతకుముందే సర్కారులోంచి బయటికొచ్చింది. జులైలో సుప్రీంకోర్టు కీలకాంశాలపై స్టే ఇచ్చింది. ఒప్పందం కాగితం దాటలేదు.

అంతదూరం ఎందుకు? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక మా మధురవాడలో బియ్యం పంచారు. మత్స్యకారులకు 50 కిలోలు, మాకు 25. వలలూ పడవలూ పోయినవాళ్లు, న్యాయమే. ఆ మాట మాకు ముందే ఎవరైనా చెబితేగా! లైన్లో నా ముందున్న పెద్దావిడ, తడిసిన రేషన్ కార్డు కొంగుతో తుడుచుకుంటూ, ‘‘ఆళ్లకి అంతెందుకు బాబూ?’’ అనడిగింది. తూకం వేసే కుర్రాడు తలెత్తలేదు. ఆమె ప్రశ్నకు మీ వ్యాసంలో జవాబు వెతికాను, దొరకలేదు.

– ఒక పాఠకుడు, మధురవాడ, విశాఖపట్నం