బీటులో ఉన్నవాడికి చట్టమేదీ?

నాలుగు కార్మిక కోడ్‌లను 2025 నవంబరు 21న అమల్లోకి తెస్తూ, దేశంలో ప్రతి శ్రామికుడికీ రక్షణ వచ్చేసిందని కేంద్రం చాటుకుంది. అందులో ఒకటైన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌ను మొదటి సెక్షన్ వరకు చదివితే చాలు, ఆ మాట ఎంతవరకు నిజమో తెలిసిపోతుంది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలకు ఈ చట్టం వర్తించదని అక్కడే రాసిపెట్టారు. కాంట్రాక్టరు తెచ్చిన కార్మికులు ఆ కార్యాలయాల్లో ఉంటే వారికి మాత్రం వర్తిస్తుందట. అంటే తపాలా కార్యాలయంలో బస్తాలు దించే కాంట్రాక్టు మనిషికి భద్రతా చట్టం ఉంది. ఆ బస్తాల్లోని పార్శిళ్లు భుజాన వేసుకుని ఊరంతా తిరిగే పోస్ట్‌మ్యాన్‌కు లేదు. యజమాని తానే అయినచోట ప్రభుత్వం తనకు తానే ఇచ్చుకున్న మినహాయింపు ఇది. దీన్ని ఎత్తేయాల్సిందే.

1923 నాటి నష్టపరిహార చట్టం ఈ పాటి వివేకం చూపించింది. గుమాస్తా పని కాకుండా ఆరుబయట తిరిగే పని చేసే తపాలా ఉద్యోగులను దాని షెడ్యూలులో విడిగా పేర్కొన్నారు. ఆ పనిలో ప్రమాదం ఉందని, దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలని అప్పుడే ఒప్పుకున్నాం. దెబ్బ తగలకుండా చూసే చట్టం రాయడానికి కూర్చున్నప్పుడు మాత్రం ఆ మనిషి గుర్తుకు రాలేదు.

దేశంలో తపాలా కార్యాలయాలు 1.64 లక్షలకు పైనే. వాటిలో నూటికి తొంభై పల్లెల్లోనే ఉన్నాయి. వీటిని నడుపుతున్నది రెండున్నర లక్షల మంది గ్రామీణ డాక్ సేవకులు. ఒకప్పుడు వీళ్లను ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ (ఇ.డి.) ఏజెంట్లనేవారు. వీళ్లవి సివిల్ పోస్టులేనని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. తపాలా శాఖ నిబంధనలు మాత్రం వీళ్లు కేంద్ర సివిల్ సర్వీసుకు బయటివారని ఇప్పటికీ అంటూనే ఉన్నాయి. పని రోజుకు 5 గంటలకు మించకూడదు, బతకడానికి వేరే ఆదాయం ఉండాలి, బ్రాంచి ఆఫీసుకు గది కూడా బ్రాంచి పోస్ట్‌మాస్టర్లే (బి.పి.ఎం.) చూసుకోవాలి. అది కాగితం మీది లెక్క. ఉత్తరాలు పంచుతూ తిరిగే బీటు మీది లెక్క వేరు.

పల్నాడులోని రెంటచింతల చుట్టుపక్కల ఊళ్లనే తీసుకోండి. మే నెలలో రాష్ట్రమంతా ఆ ఊరి ఉష్ణోగ్రత కోసమే పేపరు తిరగేస్తుంది. సంచి వచ్చి, సీలు తీసి, సార్టింగు చేసి, వచ్చినవన్నీ ఫోనులో స్కాన్ కొట్టేసరికి పదో పదకొండో అవుతుంది. ఊళ్లో జనం ఇళ్లలోకి వెళ్లి తలుపులు వేసుకునే వేళకు అసిస్టెంట్ బ్రాంచి పోస్ట్‌మాస్టర్ (ఏ.బి.పి.ఎం.) బండి తీస్తుంది. ‘తీస్తుంది’ అని ఊరికే అనలేదు. పదో తరగతి మార్కుల మీద ఆన్‌లైన్‌లో ఎంపికలు మొదలయ్యాక, సొంతూరు వదిలి ఎక్కడో తెలియని ఊళ్లో చేరిన అమ్మాయిలు ఈ కొలువులో ఎంతోమంది ఉన్నారు. ఒంటరి డొంకదారి, ఎండకు వేడెక్కి స్తంభించే ఫోను, సంతకం కోసం మూడుసార్లు పిలిస్తే గాని తెరుచుకోని తలుపు. తెలంగాణ పల్లెల్లో పింఛన్ల పంపిణీ రోజులొస్తే సబ్ ఆఫీసు నుంచి నగదు కూడా ఆ బండి మీదే రావాలి. బ్యాంకుకైతే గన్‌మ్యాన్‌తో వ్యాను వస్తుంది. బి.పి.ఎం.కు ఉన్నది డిక్కీ తాళం.

ఇక కుక్కలు. కరిస్తే టీకా నాలుగైదు విడతలు. ప్రతి విడతకూ పట్నం ప్రయాణం, ప్రతి ప్రయాణానికీ సెలవు. ఆ రోజు తన బదులు పనిచేసే మనిషిని చాలాచోట్ల తానే వెతికి పెట్టుకోవాలి. ‘కుక్క ఉంది జాగ్రత్త’ బోర్డు చూసి గేటు దగ్గరే ఆగిపోతే, ఉత్తరం ఇవ్వలేదని ఫిర్యాదు వస్తుంది. ఆగే హక్కు పోస్ట్‌మ్యాన్‌కు ఉందని ఎవరైనా రాసిచ్చారా?

శాఖ ఇచ్చేది ఏమిటో కూడా చూద్దాం. పోస్ట్‌మ్యాన్‌కు సైకిల్ అలవెన్సు అనవసరమని ఏడో వేతన సంఘం తేల్చింది. ప్రభుత్వం దయతలచి 2017లో దాన్ని కొనసాగించి, నెలకు 90 రూపాయలున్నదాన్ని 180 చేసింది. లీటరు పెట్రోలు వంద దాటిన రోజుల్లో అది ఒకటిన్నర లీటరుకు అటూఇటూ. శాఖ సంగతి అది. రాష్ట్రం సంగతికొస్తే, వడదెబ్బను తెలంగాణ 2025లో రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షలు ఖరారు చేసింది. మంచిదే. 2015 మేలో వడగాడ్పులు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యికి పైగా ప్రాణాలు తీశాక ఆ మాత్రమైనా చేయకపోతే ఎలా? కానీ చనిపోయాక వచ్చే డబ్బును భద్రత అనలేం.

ఇలాంటివాటిని ఎవరు అడగాలి? సంఘమే అడగాలి, అదీ డివిజన్‌లో ఉన్న సంఘం. తపాలా కార్మికులకు పోరాటం కొత్త కాదు. 1946 జులైలో దేశమంతా ఉత్తరాల బట్వాడా ఆపి బ్రిటిష్ సర్కారును కదిలించినవాళ్లు వీళ్లు. డాక్ సేవకుల జీతాలపై కమలేశ్ చంద్ర కమిటీ నివేదిక 2016 నవంబరులోనే అందినా దస్త్రాల్లో పడి ఉండిపోయింది. 2018 మే 22న నిరవధిక సమ్మె మొదలైంది, జూన్ 6న కేబినెట్ ఆమోదం వచ్చింది. కనీస భత్యం ఏ.బి.పి.ఎం.కు 10 వేలు, బి.పి.ఎం.కు 12 వేలు అయింది ఆ పదహారు రోజుల పుణ్యమే. అయితే జీతం ఢిల్లీలో తేలుతుంది. కోసుకుపోయిన కల్వర్టు, కరిచే కుక్క ఉన్న వీధి, మధ్యాహ్నం మండే బీటు ఎక్కడికక్కడే తేలాలి. డివిజన్ సూపరింటెండెంట్ ఎదురుగా కూర్చుని ఆ వీధి పేరు చెప్పగలిగిన కార్యదర్శి కావాలి.

ఆ కుర్చీనే కదిలించారు. 2023 ఏప్రిల్లో తపాలా శాఖ తపాలా ఉద్యోగుల జాతీయ సమాఖ్యకు (ఎన్.ఎఫ్.పి.ఇ.), అందులోని గ్రూప్-సి సంఘానికి గుర్తింపు రద్దు చేసింది. రైతు ఉద్యమానికి 30 వేలు, సి.ఐ.టి.యు.కు 50 వేలు ఇచ్చారన్నది అభియోగాల్లో ప్రధానమైనది. నిబంధన మీరారనే అనుకుందాం. తప్పు జరిగితే లెక్కలు చూసినవారిని అడగాలి. ఢిల్లీ ఖాతా పుస్తకంలో పద్దుకు మారుమూల డివిజన్‌లో బీటు తిరిగేవాడి గొంతు ఎందుకు నొక్కాలి? పోస్ట్‌మ్యాన్ల సంఘం వేరు కదా అనవచ్చు. నిజమే. కానీ సమాఖ్యకే దిక్కు లేదని తెలిశాక, కింది అధికారి ఆ సంఘాల వినతిపత్రం అందుకునే తీరే మారిపోతుంది. గుర్తింపు తగాదా ఎప్పుడు ఎలా తేలినా, డివిజన్ స్థాయి భద్రత చర్చలకు దానితో ముడి పెట్టకూడదన్నది మా నిశ్చితాభిప్రాయం.

సంఘాల తప్పు కూడా చెప్పుకోవాలి. గుర్తింపుకు 35 శాతం సభ్యత్వం కావాలన్న 1993 నిబంధన పుణ్యమా అని నాయకుల శక్తి చాలావరకు ఒకరి సభ్యులను ఇంకొకరు లాక్కోవడానికే సరిపోతోంది. బదిలీలు, పోస్టింగులు, సస్పెన్షన్ల మీద కార్యదర్శి చూపే పట్టు, హెల్మెట్ మీదో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీదో చూపడు. మహాసభ తీర్మానాల్లో భద్రత చివరి పేజీకి చేరుతుంది. రెగ్యులర్ పోస్ట్‌మ్యాన్ ఒక సంఘం, డాక్ సేవకుడు మరో సంఘం. ఎండకు మాత్రం ఇద్దరూ ఒకటే.

పోలిక కోసం అమెరికాను చూద్దాం. అక్కడి తపాలా సంస్థ ఆదర్శమని మేమనడం లేదు. 2023 జూన్‌లో మనవాళ్లు బోలెడుమంది ఉండే డల్లాస్‌లోనే 66 ఏళ్ల పోస్ట్‌మ్యాన్ ఎండలో ఉత్తరాలు పంచుతూ కుప్పకూలి చనిపోయాడు. ఏటా అయిదు వేలకు పైగా పోస్ట్‌మ్యాన్లను అక్కడ కుక్కలు కరుస్తున్నాయి. అయితే ఆ సంఖ్య మనకు తెలుస్తోందంటే, అక్కడ లెక్క రాస్తున్నారు కాబట్టే. కార్మిక భద్రతా చట్టం తపాలా సంస్థకు పూర్తిగా వర్తించేలా 1998లోనే సవరణ చేసుకున్నారు. ప్రమాదం కనిపిస్తే ఉద్యోగి 1767 నంబరు ఫారం నింపి ఇస్తాడు. సూపర్‌వైజర్ ఆ షిఫ్టులోనే దాన్ని విచారించాలి. విచారించకపోతే సంఘం స్థానిక శాఖ ప్రతినిధి అయిన స్టీవార్డు ఊరుకోడు. ఒక్క కాగితం, దాని వెనక ఒక్క మనిషి.

మన దగ్గర ఇది అసాధ్యమేమీ కాదు. భద్రతా కమిటీలు వేయాలని, వాటిలో కార్మికుల ప్రతినిధులు యజమాని ప్రతినిధులకు తగ్గకుండా ఉండాలని పెద్ద ఫ్యాక్టరీలకు మన వృత్తి భద్రత కోడే చెబుతోంది. ఆ నియమాన్ని ప్రతి తపాలా డివిజన్‌కూ తేవాలి. అందులో డాక్ సేవకులకు చోటుండాలి. కుక్కకాటు, వడదెబ్బ, రోడ్డు ప్రమాదం, దోపిడీ, అన్నిటికీ ఒక రిజిస్టరు ఉండాలి, అది ఏటా బయటపెట్టాలి. కాటుకు చికిత్స రోజులను డ్యూటీగా లెక్కించాలి. నగదు పరిమితి దాటితే శాఖే వాహనం పంపాలి. గేటు దగ్గర ఆగిపోయే హక్కు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఏప్రిల్, మే నెలల్లో సంచి ఉదయం ఏడింటికల్లా బ్రాంచి ఆఫీసు చేరేలా మెయిల్ బండ్ల వేళలు మార్చితే, సగం బీటు ఎండ ముదరకముందే పూర్తవుతుంది. దీనికి పార్లమెంటు అక్కర్లేదు.

చట్టం సవరణకు మాత్రం పార్లమెంటు కావాలి. రెండు రాష్ట్రాల నుంచి 42 మంది లోక్‌సభలో ఉన్నారు. తపాలా శాఖను చూసే కమ్యూనికేషన్ల మంత్రిత్వ శాఖలో సహాయ మంత్రి పెమ్మసాని చంద్రశేఖర్ గుంటూరు ఎంపీ, వృత్తిరీత్యా వైద్యుడు. రెంటచింతల పాత గుంటూరు జిల్లాలోనిదే. వడదెబ్బ మనిషిని ఏం చేస్తుందో ఆయనకు ఎవరూ నివేదిక రాసి పంపనక్కర్లేదు. ప్రభుత్వ కార్యాలయాల మినహాయింపు నుంచి తపాలా శాఖను తప్పించే సవరణను వచ్చే సమావేశాల్లోనే తెప్పించే పూచీ ఆయన తీసుకోవాలి. ఆ లోగా, ఈ వేసవికి ముందే, బీటు వేళలు మార్చే ఉత్తర్వు విజయవాడ, హైదరాబాద్ సర్కిల్ కార్యాలయాల నుంచి వెలువడాలి.